మధ్యలో వైరు ఏదిరా?

పోయినేడాది మా ఫెస్ట్‌లో స్కేల్ మోడల్స్ పోటీలో నాకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. అది నాకు రావాల్సిన ప్రైజ్ కాదు. ఈ వ్యాసం దాని గురించే. (ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు ఎక్కడైనా తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతుంది. దిద్దకపోతే ఆ తప్పు అక్కదే.)

నేను చేసిన మోడల్ 1969 షెవర్లే కమారో. 1/25 స్కేలు, అంటే అసలు కారులో 25 మిల్లీమీటర్లు ఉన్నది మన దాంట్లో ఒక్క మిల్లీమీటరు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది డబ్బాలోంచి తీసి షెల్ఫ్‌లో పెట్టుకునే బొమ్మ కాదు. ముక్కలు ప్లాస్టిక్ ఫ్రేముల్లో వస్తాయి. కత్తిరించి, గీకి, రంగు వేసి, అతికించుకోవాలి. ఇంజిన్ కూడా ముక్కలుగానే వస్తుంది. బ్లాకు, రెండు హెడ్లు, కార్బురేటరు, ఫ్యాను, డిస్ట్రిబ్యూటరు అన్నీ ఉంటాయి. వైర్లు మాత్రం ఉండవు. బానెట్ ఎత్తి చూస్తే అన్ని భాగాలూ ఉన్నా ఏదో వెలితిగా, నరాలు లేని మనిషిలా కనిపిస్తుంది. అందుకే ఈ హాబీలో కాస్త చెయ్యి తిరిగినవాళ్లందరూ చేసే మొదటి పని ప్లగ్గు వైర్లు పెట్టడం. సన్న తీగ తీసుకుని, డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి చిన్న చిన్న చిల్లులు పెట్టి, అక్కడి నుంచి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో తీగ లాగుతారు.

నేనూ లాగాను. ఎర్ర రంగు వేసిన ఎనిమిది తీగలు. ఎడమ పక్కకి నాలుగు, కుడి పక్కకి నాలుగు, దువ్వెనతో దువ్వినట్టు. జడ్జి బానెట్ ఎత్తారు, "అబ్బ, వైరింగ్ కూడా చేశావా!" అని ఫోన్ తీసి ఫోటో కొట్టారు. అప్పుడే నాకు తెలిసిపోయింది ప్రైజ్ మనదేనని.

సంక్రాంతి సెలవులకి ఆ కారు అట్టపెట్టెలో పెట్టుకుని విజయవాడ తీసుకెళ్లాను. మా పెదనాన్న ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్. ముప్ఫై ఏళ్ల పైనే అదే పని. అంబాసిడర్లు, పద్మినీల కాలంలో నేర్చుకున్న చెయ్యి. ఇంట్లో అందరూ కారు చూసి మెచ్చుకున్నారు. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి జరిపి, ఫోన్ టార్చి వేసి, ఇంజిన్ దగ్గరికి మొహం తెచ్చి చాలాసేపు చూశారు.

"బాగా చేశావురా. మరి మధ్యలో వైరు ఏదిరా?"

"మధ్యలో ఏంటి పెదనాన్నా?"

"క్యాప్ మధ్యలోకి కాయిల్ నుంచి వైరు రావాలి కదా. అది లేకపోతే ఈ ఎనిమిదింటికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? బండి స్టార్ట్ అవదు."

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. కానీ చెవులు వేడెక్కాయి.

సీఎస్‌ఈ వాళ్లలో నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి కాస్త ఆగి చెప్తా. పాత పెట్రోల్ కార్లలో బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించడానికి చాలవు. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని వేల వోల్టులకి పెంచుతుంది. అది ఒక లావు వైరులో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్య టెర్మినల్‌కి వస్తుంది. క్యాప్ లోపల రోటర్ తిరుగుతూ, ఆ కరెంటుని చుట్టూ ఉన్న టెర్మినళ్లకి ఒకదాని తర్వాత ఒకటిగా పంచుతుంది. నాలుగు సిలిండర్ల అంబాసిడర్‌కి క్యాప్ మీద ఐదు వైర్లు. ఎనిమిది సిలిండర్ల కమారోకి తొమ్మిది. నేను పెట్టినవి ఎనిమిది. ఇంటర్‌నెట్‌లో ఫోటోలు చూసి, "ఎనిమిది సిలిండర్లు కాబట్టి ఎనిమిది వైర్లు" అని నా లాజిక్ నేనే వేసుకున్నా. ఇంకా సిగ్గుచేటు విషయం ఏంటంటే, కిట్‌లో కాయిల్ కూడా ఉంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పక్కన బుల్లి స్తంభంలా. దాన్ని ఆయిల్ ఫిల్టర్ అనుకుని తెల్ల రంగు కొట్టాను.

పెదనాన్న రెండో ప్రశ్న ఇంకా దెబ్బ కొట్టింది. "దీని ఫైరింగ్ ఆర్డర్ ఎంత?"

ఆయన జీవితంలో అమెరికన్ వి8 ఇంజిన్ ముట్టుకోలేదు. అయినా ఆ ప్రశ్న అడగాలని తెలుసు. అంబాసిడర్‌కి 1-3-4-2 అని నిద్రలో లేపినా చెప్తారు. నాకు ఆ ప్రశ్న ఉంటుందనే తెలీదు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. బేసి నంబర్ల సిలిండర్లు ఎడమ వరసలో, సరి నంబర్లు కుడి వరసలో ఉంటాయి. ఎడమ అంటే అమెరికాలో డ్రైవర్ కూర్చునే వైపు. డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ వెనక కొసన ఉంటుంది, రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. ఇప్పుడు ఆ ఆర్డర్‌ని క్యాప్ చుట్టూ రాసి, ఒక్కో నంబర్ ఏ పక్కకి పోవాలో చూడండి. ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. అంటే పక్కపక్క టెర్మినళ్ల నుంచి బయల్దేరిన వైర్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవాల్సిందే. ఎడమ సగం ఎడమకి, కుడి సగం కుడికి పోయే అందమైన దువ్వెన ఆ ఇంజిన్‌లో అసాధ్యం. నేను ఏదైతే నీట్‌గా ఉందని మురిసిపోయానో, జడ్జి ఏది చూసి ఫోటో తీశారో, అదే తప్పు.

సరే, ఇక నా అభిప్రాయం. స్కేల్ మోడల్‌కి వైరింగ్ చేస్తే సరిగ్గా చెయ్యాలి. సరిగ్గా తెలీకపోతే అసలు చెయ్యకుండా వదిలెయ్యాలి. మధ్యలో ఇంకో దారి ఉందని నేను అనుకోవట్లేదు.

వైర్లు లేని ఇంజిన్ అబద్ధం చెప్పదు. "ఇక్కడి వరకు చేశాను, ఇక్కడ ఆపాను" అంటుంది, అంతే. డబ్బాలో వచ్చింది వచ్చినట్టు శుభ్రంగా కట్టిన మోడల్ అంటే నాకు గౌరవం. కానీ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో కట్టినవాడికే తెలియని వైరు "నాకు ఈ ఇంజిన్ తెలుసు" అని చూసేవాళ్లకి చెప్తుంది. ల్యాబ్‌లో టెస్ట్ కేసులకి సరిపోయే అవుట్‌పుట్‌ని ప్రింట్ స్టేట్‌మెంట్‌లో రాసేసి మార్కులు కొట్టేయడం మనలో చాలామందికి తెలిసిన విద్యే (నేను చేయలేదు అని ఇక్కడ రాస్తే మా బ్యాచ్ నవ్వుతుంది). నా ఎర్ర వైర్లు అలాంటివే. అవుట్‌పుట్ ఉంది, లోపల ప్రోగ్రాం లేదు.

మా రూమ్మేట్ దీనికి ఒప్పుకోడు. "అరే, అది బొమ్మ రా. ఎలాగూ స్టార్ట్ అవదు. కళ్లకి బాగుంటే చాలదా?" అంటాడు. ఆలోచించాల్సిన మాటే. నిజానికి బొమ్మలకి ఈ రూల్ పెట్టకూడదు. తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి ఎడ్లబండి చూసి ఇరుసు కొలత తప్పని ఎవరైనా అంటే వాడికి బొమ్మ అంటే ఏంటో తెలీదని అర్థం. ఆ బొమ్మ ఎప్పుడూ కొలతల మాట ఎత్తలేదు. స్కేల్ మోడల్ అలా కాదు. పేరులోనే స్కేలు ఉంది. డబ్బా మీద 1/25 అని అచ్చు వేసి మరీ అమ్ముతారు. కొలతకి కట్టుబడతానని మాట ఇచ్చి, బానెట్ కింద మాత్రం మాట తప్పితే ఎలా?

కొలత అనగానే వైరు మందం గుర్తొచ్చింది. ఇక్కడ ఎక్కువమంది, ముందుగా నేను, బోర్లాపడతాం. అసలు ప్లగ్గు వైరు మందం 7 మిల్లీమీటర్లు. రేసింగ్ రకాలైతే 8. 25తో భాగిస్తే 0.28, 0.32 మిల్లీమీటర్లు. నేను మొదట బ్రెడ్‌బోర్డు వైరు వాడదామనుకున్నా, ఎందుకంటే హాస్టల్ రూంలో అది తప్ప ఏమీ దొరకదు. దాని లోపలి రాగి తీగే 0.6 మిల్లీమీటర్లు ఉంటుంది, పైన ప్లాస్టిక్ తొడుగు వేరే. తీగ ఒక్కటే లెక్కేసినా అసలు కారులో 15 మిల్లీమీటర్ల వైరు అన్నమాట. తోటకి నీళ్లు పెట్టే పైపులా ఉంటుంది. తర్వాత మోటారు వైండింగ్ షాపులో 28 గేజ్ తీగ కొన్నాను. ప్రైజ్ కొట్టింది దాంతోనే. లెక్కేస్తే అదీ 9 మిల్లీమీటర్లు దాటుతుంది, పైన రంగు అదనం. 32 గేజ్ అయితే 0.274. రంగు కూడా కలుపుకుంటే 7 మిల్లీమీటర్లకి సరిగ్గా వస్తుంది. వైండింగ్ షాపుల్లో ఈ తీగ తూకానికి అమ్ముతారు. నేను అడిగిన కొంచానికి షాపాయన డబ్బులు తీసుకోకుండా ఒక ముక్క తెంపి ఇచ్చారు. ఇంపోర్టెడ్ డీటెయిల్ సెట్లు కొనలేక మనం వెనకబడ్డాం అనేవాళ్లకి ఇది చెప్పాలనిపించింది.

రంగు సంగతి. ఎరుపు, పసుపు, నీలం వైర్లు ఫోటోల్లో అదిరిపోతాయి. కానీ అవి యజమానులు తర్వాత కొని మార్చుకున్న హాట్ రాడ్ల మీద ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1969 కమారోకి ప్లగ్గు వైర్లు నలుపు. నల్ల వైర్లు, పక్కన నల్ల ఎయిర్ క్లీనరు, వెనక నల్ల ఫైర్‌వాల్. ఏమీ కనపడదు. అందుకే జనం ఎరుపు వేస్తారు. హాట్ రాడ్ కడుతున్నా అంటే ఎరుపు వేసుకోండి, ఎవరు కాదంటారు? పక్కన "ఫ్యాక్టరీ స్టాక్" అని కార్డు రాసి పెట్టి (నేను పెట్టాను) ఎరుపు వెయ్యకూడదు.

నాకు బాగా నచ్చినదీ, బాగా బాధపెట్టినదీ దారి విషయం. వైర్లు క్యాప్ నుంచి ప్లగ్గుకి అడ్డదిడ్డంగా గాల్లో పోవు. స్మాల్ బ్లాక్ కమారోలో ఫ్యాక్టరీవాళ్లు వాటిని ఇంజిన్ వెనక నుంచి కిందకి దించి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద నుంచి ప్లగ్గులకి తీసుకెళ్లారు. అంటే సరిగ్గా చేస్తే చాలా భాగం కనపడదు! క్యాప్ దగ్గర ఒక చిక్కుముడిలా కనిపించి, వెనక్కి దిగి మాయమైపోతాయి. ఇంకో సంగతి. 5, 7 సిలిండర్లు ఎడమ వరసలో పక్కపక్కనే ఉంటాయి, ఆర్డర్‌లో కూడా ఒకదాని వెంట ఒకటి పేలుతాయి. ఆ రెండు వైర్లు దగ్గరగా, సమాంతరంగా పోతే 5వ దాంట్లో కరెంటు పోయినప్పుడు 7వ దాంట్లో ఇండక్షన్ వల్ల అనుకోని రవ్వ పుట్టొచ్చు. సమయం కాకముందే 7 పేలుతుంది, ఇంజిన్ దెబ్బ తింటుంది. అందుకే మెకానిక్కులు ఆ రెండింటినీ విడదీసి కడతారు. బీఈఈ పేపర్‌లో మ్యూచువల్ ఇండక్టెన్స్ మీద ఐదు మార్కుల ప్రశ్న రాసి వచ్చాను. అది ఒక కారు ఇంజిన్‌లో రెండు వైర్ల మధ్య దూరాన్ని నిర్ణయిస్తుందని ఈ బుల్లి ప్లాస్టిక్ ముక్క వల్ల తెలిసింది.

కార్వెట్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అదే కంపెనీ, అదే కాలం. కార్వెట్ బాడీ మాత్రం ఫైబర్‌గ్లాస్. ఇనప బాడీ అయితే ఇగ్నిషన్ పుట్టించే రేడియో శబ్దాన్ని చాలావరకు ఆపేస్తుంది, ఫైబర్‌గ్లాస్ ఆపలేదు. పాటలు వింటుంటే బరబర వస్తుంది. అందుకని కార్వెట్‌లో డిస్ట్రిబ్యూటర్ మీద, వైర్ల మీద మెరిసే లోహపు తొడుగులు బిగించారు. రేడియో వద్దని ఆర్డర్ ఇచ్చిన కారుకి ఆ తొడుగులూ ఉండవు. ఇప్పుడు డ్యాష్‌బోర్డులో రేడియో పెట్టి, బానెట్ కింద తొడుగు లేకుండా తొమ్మిది వైర్లూ బ్రహ్మాండంగా చూపించే స్టాక్ కార్వెట్ మోడల్ తప్పు. ఒక్క వైరు కూడా కనపడని మోడల్ ఒప్పు. ఎంత ఎక్కువ కనపడితే అంత డీటెయిల్ అనుకునే మన పద్ధతికి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

ఒక ఇంజిన్‌కి తెలుసుకున్నది ఇంకోదానికి పనికిరాదు కూడా. ఫోర్డ్ 302 తీసుకుంటే డిస్ట్రిబ్యూటర్ ముందు వైపు ఉంటుంది, రోటర్ ఎదురు దిశలో తిరుగుతుంది, సిలిండర్ల నంబర్లే వేరు. 1 నుంచి 4 కుడి వరస, 5 నుంచి 8 ఎడమ వరస. ఆర్డర్ 1-5-4-2-6-3-7-8. షెవర్లే మ్యాప్ కాపీ పేస్ట్ చేస్తే గోవిందా.

"ఇంత చదివి చేసినా బానెట్ మూస్తే ఎవరు చూస్తారు?" అని మీరు అడగొచ్చు. ఎవరూ చూడరు. ఎవరైనా చూస్తారని చేశాను కాబట్టే మొదటిసారి తప్పు చేశాను. అయితే ఒకటి ఒప్పుకోవాలి. సరదా కోసం చేసే పనికి ఇంత పట్టుదల ఎందుకనే వాళ్ల మాటలో సగం నిజం ఉంది. నా రెండో ప్రయత్నంలో సరదా చాలాసార్లు చచ్చిపోయింది. పాత వైర్లు లాగుతుంటే క్యాప్ విరిగిపోయింది. కొత్తది ప్లాస్టిక్ రాడ్డుతో చెయ్యాల్సి వచ్చింది. దాని పైభాగం 4 మిల్లీమీటర్లు. అందులో 3 మిల్లీమీటర్ల వృత్తం మీద ఎనిమిది చిల్లులు, మధ్యలో ఒకటి. చిల్లుకీ చిల్లుకీ మధ్య మిల్లీమీటరు పైన కాస్త. పీసీబీలకి వాడే సన్న డ్రిల్ బిట్లు మూడు విరిచాను. మిడ్ ఎగ్జామ్స్ ముందు వారం ఈ పని పెట్టుకున్నందుకు అమ్మ చేత తిట్లు తిన్నాను. 5వ వైరు ఒకసారి 7 చోట దూర్చి, జిగురు ఆరాక చూసుకుని, తల పట్టుకున్నాను. ఎవరికీ తెలియదు కదా, వదిలేద్దామా అని ఒక ఐదు నిమిషాలు సీరియస్‌గా ఆలోచించాను కూడా.

వదల్లేదు. పీకి మళ్లీ పెట్టాను. పెట్టాక ఆ రాత్రి ఇంజిన్‌ని చేతిలో పట్టుకుని, రోటర్ తిరుగుతున్నట్టు ఊహించుకుంటూ, వేలితో ఒక్కో వైరు వెంట పోయాను. ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు... ఎనిమిదీ తిరిగి మళ్లీ ఒకటికి వచ్చాను. ప్రైజ్ తీసుకున్నప్పుడు కూడా అంత ఆనందం రాలేదు, నిజంగా. ఇప్పుడు ఆ మోడల్ మొదటిదానికన్నా డల్‌గా కనిపిస్తుంది. ఫోటోలో పెడితే లైకులు కూడా తక్కువే వచ్చాయి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ ఏడాది ఫెస్ట్‌లో అదే పోటీ నడిపే కమిటీలో నన్ను వేశారు. జడ్జింగ్ షీట్‌లో "డీటెయిలింగ్" అని ఒక గడి ఉంది, ఇరవై మార్కులు. అందులో ఏం చూడాలో ఒక్క ముక్క లేదు. ఎన్ని ఎక్కువ వస్తువులు అతికిస్తే అన్ని మార్కులు, అదీ ప్రస్తుత పద్ధతి. నా ప్రైజ్ దానికి సాక్ష్యం. నేను కమిటీలో పెట్టిన ప్రతిపాదన చిన్నది. జడ్జి ఏదో ఒక వైరు మీద పుల్ల పెట్టి, "ఇది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? ఎందుకు?" అని అడగాలి. చెప్పగలిగితే మార్కులు. చెప్పలేకపోతే ఆ వైరు లేనట్టే లెక్క. వైర్లే పెట్టని మోడల్‌కి దీనివల్ల మార్కులు తగ్గకూడదు, ఆ ఇరవై మార్కులు రంగుకో ఫినిషింగ్‌కో మార్చుకునే వీలు ఉండాలి. ఫస్టియర్ వాళ్లు భయపడి రారని కమిటీలో ఇద్దరు అంటున్నారు. అదీ ఆలోచించాల్సిందే. కానీ భయం ప్రశ్న వల్ల రాదు, జవాబు ఎక్కడ దొరుకుతుందో తెలియకపోవడం వల్ల వస్తుంది. అందుకని పోటీకి రెండు వారాల ముందు ఒక సాయంత్రం కూర్చుని నేర్పిస్తానని చెప్పాను. పెదనాన్నని రమ్మని అడిగితే, "నాకు ఇంగ్లీష్ రాదురా, కాలేజీలో నేనేం చెప్తాను" అన్నారు. తెలుగులోనే చెప్పమన్నాను. ఆలోచిస్తాను అన్నారు.

ఇక పాత ప్రైజ్ విషయం. తిరిగి ఇచ్చేస్తానంటే కమిటీవాళ్లు నవ్వి, ఆ మెమెంటో ఏం చేసుకోవాలో తమకి తెలీదన్నారు. అది ఇప్పుడు నా డ్రిల్ బిట్ల స్టాండ్.

ఇప్పుడు చేతిలో మారుతి 800 ఉంది, మొదట్లో వచ్చిన కార్బురేటర్ మోడల్. ప్లాస్టిక్ షీటు కోసి ఇంజిన్ నేనే కడుతున్నాను. మూడు సిలిండర్లు, ఆర్డర్ 1-3-2, క్యాప్ మీద నాలుగు వైర్లు. పెదనాన్న షెడ్డులోంచి పాత క్యాప్ ఒకటి తీసి పంపించారు, లోపల టెర్మినళ్లు నల్లగా మాడి ఉన్నాయి. నా టేబుల్ మీదే ఉంది. 32 గేజ్ తీగ కూడా ఇంకా బోలెడు మిగిలింది. కావాల్సినవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత బాయ్స్ హాస్టల్ రెండో ఫ్లోర్‌కి రండి. మధ్య వైరుతో మొదలుపెడదాం.